ఐ.పి.కి ముందు రాజీ: మంగళగిరి, కృష్ణా డెల్టా ప్రాంతంలో ఋణ పరిష్కార చరిత్ర

వ్యాససంగ్రహం

అప్పు తీర్చలేని స్థితికి చేరిన వ్యక్తి, న్యాయస్థానం చేత దివాలాదారుగా ప్రకటింపబడక మునుపే ఋణదాతలతో కూర్చుని లెక్క తేల్చుకునే అవకాశం చరిత్రలో ఎంతవరకు ఉన్నదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మంగళగిరి పరిసరాలూ కృష్ణా డెల్టా ఈ పరిశీలనకు క్షేత్రం. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం, 1936 నాటి మద్రాసు ఋణ మధ్యస్థ చట్టం, 1938 నాటి మద్రాసు వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టం, 1977 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం, 2004 తర్వాతి ప్రభుత్వ చర్యలు ఇందులో ప్రధానాంశాలు. రాజీ నిలబడటానికి మూడు విషయాలు అవసరమనీ, వాటిలో ఏ ఒక్కటి లోపించినా ఋణగ్రస్తుడు మళ్లీ ఐ.పి. వాకిట్లోకే చేరాడనీ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఋణ పరిష్కారం, ఐ.పి., రాజీనామా, ద్విగుణ నియమం, చేనేత, మంగళగిరి, కృష్ణా డెల్టా.

1. ఉపోద్ఘాతం

తెలుగు ప్రాంతాల ఋణ చరిత్రపై వచ్చిన పరిశోధనల్లో వడ్డీరేట్లు, భూమి చేతులు మారడం, షావుకారు పాత్ర అనే అంశాలకు తగిన ప్రాధాన్యం లభించింది. ఆంధ్ర రైతాంగంపై ఎ. సత్యనారాయణ చేసిన కృషి ఇందుకు మంచి ఉదాహరణ. అయితే అప్పు పుట్టడానికీ ఆస్తి పోవడానికీ మధ్య ఒక దశ ఉంటుంది. అప్పులవాళ్లు ఇంటిముందుకు రావడం, పెద్దమనుషులు కూర్చోవడం, వడ్డీ వదులుకోమని ఒకరు కోరడం, వాయిదాలకు మరొకరు ఒప్పుకోవడం అన్నీ ఈ దశలోనివే. దీనికి దస్తావేజులు తక్కువ. కుదిరిన రాజీ కోర్టు రికార్డుకెక్కదు, కుదరనిదే వ్యాజ్యమవుతుంది. అందువల్ల చరిత్రకారునికి దొరికేది ఎక్కువగా వైఫల్యాల జాబితా.

ఈ దశను చట్టం ఎలా చూసిందో గమనిస్తే లోటు కొంత పూడుతుంది. పరిశీలనకు మూడు ప్రశ్నలను కొలమానంగా తీసుకోవచ్చు. అసలెంత, వడ్డీయెంత, చెల్లినదెంత అనే లెక్క ఇరుపక్షాల ముందు బయటపడిందా? ఋణదాతలందరూ ఒకేచోట కట్టుబడ్డారా? తేలిన మొత్తాన్ని చెల్లించడానికి ఋణగ్రస్తునికి దారి ఏర్పడిందా? ఈ మూడూ ఒక్కసారిగా సమకూరిన సందర్భం డెల్టా చరిత్రలో అరుదు.

2. మాటల సాక్ష్యం

కృష్ణా, గుంటూరు జిల్లాల్లో 'ఐ.పి. పెట్టాడు' అనే మాట తెలియనివారు ఉండరు. కోర్టులో దాఖలయ్యే 'ఇన్‌సాల్వెన్సీ పిటిషన్'కు ఇది పొడి అక్షరాల రూపం. కోర్టు రిజిస్టరులో దావా సంఖ్యకు ముందుండే ఈ గుర్తు వాడుక భాషలో క్రియగానూ నిందగానూ స్థిరపడింది. చట్టం దృష్టిలో ఐ.పి. ఋణగ్రస్తునికి కల్పించిన రక్షణ. జనం దృష్టిలో అది అప్పు ఎగ్గొట్టే ఉపాయం. 'దివాలా తీశాడు', 'బోర్డు తిప్పేశాడు', 'జెండా ఎత్తేశాడు' అనే పలుకుబళ్లు కూడా ఈ అర్థచ్ఛాయల చుట్టూనే తిరుగుతాయి. నిజంగా చితికిపోయినవానికీ, ఆస్తి దాచి తప్పించుకున్నవానికీ వాడుక వేర్వేరు మాటలను ఇవ్వలేదు.

రాజీనామా అనే మాట ప్రయాణం దీనికి భిన్నమైనది. ఉభయపక్షాలు సమ్మతించి రాసుకున్న పత్రమనేది కచేరీ భాషలో దాని అర్థం. వ్యాజ్యం రాజీనామాతో ముగిసిందంటే పరిష్కారం కుదిరిందని భావం. నేటి తెలుగులో అది పదవిని వదులుకోవడానికి పరిమితమైంది. రాజీ మిగిలింది గాని రాజీని తెలిపే పత్రానికి సామాన్య వాడుకలో పేరు లేకుండా పోయింది. 

ప్రోనోటు చుట్టూ మరికొన్ని మాటలున్నాయి. ప్రామిసరీ నోటుకు కాలపరిమితి మూడేళ్లు. గడువు దాటకముందే కొంత సొమ్ము కట్టి నోటు వెనుక ఆ విషయం రాసి సంతకం చేయడాన్ని 'చెల్లు వేయడం' అంటారు. వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయడం 'తిరగరాయడం'. చెల్లు వల్ల ఋణదాత హక్కు బతుకుతుంది, తిరగరాత వల్ల అసలు పెరుగుతుంది. మూడేళ్లకొకసారి ఇద్దరూ తప్పనిసరిగా ఎదురెదురు కూర్చునే సందర్భం ఇదే కనుక, డెల్టాలో సంప్రదింపులకు వాస్తవమైన వేదిక ప్రోనోటేనని చెప్పవచ్చు. అయితే ఆ వేదికపై లెక్క రాసే కలం ఎక్కువగా ఋణదాత చేతిలోనే ఉండేది.

3. డెల్టా అప్పు స్వభావం

మంగళగిరి డెల్టా అంచున ఉన్న ఊరు. ఒకవైపు కొండ, మెట్ట. మరొకవైపు సీతానగరం వద్ద మొదలై దుగ్గిరాల మీదుగా సాగే పశ్చిమ డెల్టా కాలువ కింది మాగాణి. ఊరిలో లక్ష్మీనరసింహస్వామి ఆలయం, దాని చుట్టూ వర్తకం, మగ్గాల పేటలు. ఆలయ గాలిగోపురాన్ని 19వ శతాబ్ది తొలి దశకంలో కట్టించిన వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు 1816లో మరణించాక, దత్తపుత్రుల వ్యాజ్యాలతోనూ పేరుకున్న బకాయిలతోనూ ఆ సంస్థానమే చితికిపోయింది. పరిష్కారం కుదరని తగాదా పెద్ద ఆస్తినైనా మింగుతుందనడానికి ఈ ప్రాంతానికి అది తొలి పాఠం.

1852–55 మధ్య బెజవాడ వద్ద ఆనకట్ట నిర్మాణం డెల్టా అప్పు స్వభావాన్ని మార్చింది. నీరు వచ్చిన భూమికి విలువ పెరిగింది. విలువ పెరిగిన భూమిపై అప్పు సులువుగా పుట్టింది. వరితోపాటు పసుపు, మిరప, పొగాకు వంటి అమ్మకపు పంటలు పెట్టుబడి అవసరాన్ని పెంచాయి. అప్పిచ్చేవారిలో వృత్తి వడ్డీవ్యాపారులతోపాటు మిగులు గల రైతులూ ఉన్నారు. ఋణదాత అదే ఊరివాడు, అదే కాలువ కింద భూమి గలవాడు కావడం ఇక్కడి ప్రత్యేకత. అందువల్ల పెద్దమనుషుల మధ్యవర్తిత్వానికి వీలుండేది. అయితే ఆ పెద్దమనిషే తరచు అప్పిచ్చినవాడు కావడం దానికున్న పరిమితి.

వడ్డీ విషయంలో పాత ధర్మశాస్త్రానికి స్పష్టమైన హద్దు ఉన్నది. ఒకేసారి వసూలు చేసే వడ్డీ అసలును మించరాదన్న ద్విగుణ నియమం అది. పశ్చిమ భారతంలో దీనిని దామ్‌దుపట్ అన్నారు. యాజ్ఞవల్క్య స్మృతి వ్యవహారాధ్యాయంలో ఋణాదానానికి ప్రముఖ స్థానమున్నది. మితాక్షర ఆధారంగా కేతన 13వ శతాబ్దిలో రచించిన విజ్ఞానేశ్వరీయం ఆ వ్యవహార సంప్రదాయాన్ని తెలుగులోకి తెచ్చింది. బొంబాయి ప్రాంతపు న్యాయస్థానాలు ద్విగుణ నియమాన్ని పాటించగా మద్రాసు ప్రెసిడెన్సీ న్యాయస్థానాలు దానిని గుర్తించలేదు. 1855లో వడ్డీ పరిమితి చట్టాలు రద్దయ్యాయి. ఆనకట్ట పూర్తయిన ఏడాదే వడ్డీకి చట్టపరమైన కట్టు తెగిపోవడం యాదృచ్ఛికమే అయినా, డెల్టా రైతుపై ఆ రెండింటి ప్రభావం కలిసే పడింది.

4. 1920 చట్టం: రాజీకి అడ్డుపడిన రక్షణ

మద్రాసు నగరానికి 1909 నాటి ప్రెసిడెన్సీ పట్టణాల చట్టం, జిల్లాలకు 1907 నాటిదీ ఆ తర్వాత దాని స్థానంలో 1920లో వచ్చినదీ అయిన ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం వర్తించాయి. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఐ.పి. అంటే ఈ 1920 చట్టం కింద వేసే దరఖాస్తే. అప్పు 500 రూపాయలకు చేరినా, డిక్రీ అమలులో అరెస్టయినా, ఆస్తి జప్తుకు ఉత్తర్వు వచ్చినా ఋణగ్రస్తుడు దరఖాస్తు చేసుకోవచ్చు. సివిల్ జైలు భయం ఆనాడు వాస్తవమైనది. అరెస్టు చేసి తెచ్చిన బాకీదారుకు, దివాలా దరఖాస్తు పెట్టుకోవచ్చని న్యాయస్థానం తెలియజేయాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 55వ సెక్షనే చెప్పింది. ఆ విధంగా ఐ.పి. చెరసాల ముంగిట కనిపించే తలుపుగా ప్రజలకు పరిచయమైంది.

ఈ చట్టంలో రాజీకి చోటు లేకపోలేదు. 38వ సెక్షన్ ప్రకారం ఋణగ్రస్తుడు రూపాయికి ఇన్ని అణాల చొప్పున చెల్లిస్తానని ప్రతిపాదించవచ్చు. సంఖ్యలో అధికులు, విలువలో నాలుగింట మూడు వంతులు గల ఋణదాతలు ఒప్పుకుని, న్యాయస్థానం ఆమోదిస్తే అది అందరినీ కట్టిపడేస్తుంది. లెక్క బయటపడటం, అందరూ కట్టుబడటం అనే రెండు షరతులూ ఇక్కడ నెరవేరుతున్నాయి. కాని ఈ అవకాశం దివాలాదారుగా ప్రకటింపబడ్డాక మాత్రమే లభిస్తుంది. అప్పటికే ఆస్తి న్యాయస్థానానికి లేదా రిసీవరుకు సంక్రమించి ఉంటుంది. స్థానిక సంస్థల ఎన్నికల్లో నిలబడే అర్హత పోయి ఉంటుంది. ఊరిలో పరపతి సంగతి చెప్పనవసరం లేదు.

ముందుగానే రాజీకి ప్రయత్నించేవానికి ఎదురైన చిక్కు ఇంతకన్నా లోతైనది. అప్పులు చెల్లించడం ఆపేశానని లేదా ఆపబోతున్నానని ఋణదాతలలో ఎవరికైనా తెలియజేయడమే 6వ సెక్షన్ ప్రకారం 'దివాలా చర్య'. ఆస్తినంతా ఋణదాతలందరి మేలుకోసం మూడోవ్యక్తికి అప్పగించడమూ అంతే. ఆ చర్య జరిగిన మూడు నెలల లోపల, 500 రూపాయలకు తగ్గని బాకీ రావలసిన ఋణదాత ఎవరైనా అతన్ని దివాలాదారుగా ప్రకటించమని కోరవచ్చు. ఒక ఋణదాతకు ఇతరులకన్నా మేలు చేయాలనే ఉద్దేశంతో ముందుగా కొంత చెల్లిస్తే, మూడు నెలల్లోపు దరఖాస్తు దాఖలైనపుడు 54వ సెక్షన్ కింద ఆ చెల్లింపు చెల్లకపోవచ్చు.

ఈ నిబంధనలకు తమదైన హేతువున్నది. కొందరు ఋణదాతలను వంచించి ఆస్తిని దాచకుండా చూడటం వాటి ఉద్దేశం. అయినా ఆచరణలో ఫలితం తలకిందులైంది. పదిమంది అప్పులవాళ్లను పిలిచి 'నా దగ్గర ఇంతే ఉంది, పంచుకోండి' అని నిజం చెప్పినవాడు చట్టం ముందు దివాలా చర్యకు పాల్పడినవాడయ్యాడు. నిజం దాచి తిరగరాసుకుంటూ పోయినవాడు కొన్నాళ్లపాటు మర్యాదస్తుడుగానే నిలిచాడు. డెల్టాలో ఐ.పి. ఆఖరి క్షణంలో, రాత్రికి రాత్రి పెట్టేదిగా పేరుపడటానికి మనుషుల స్వభావంతోపాటు చట్టపు నిర్మాణమూ కారణమని గుర్తించాలి.

5. మాంద్యం, మధ్యస్థ మండలులు

1929లో మొదలైన ఆర్థిక మాంద్యం ఈ వ్యవస్థను బద్దలుకొట్టింది. ధాన్యం ధర సగం మేరకు పడిపోయింది. అప్పు రూపాయల్లో మారలేదు. బస్తాల్లో లెక్కిస్తే రెట్టింపైంది. పది బస్తాలమ్మి తీర్చగల వాయిదాకు ఇరవై బస్తాలు అమ్మవలసివచ్చింది. అదే కాలంలో కృష్ణా, గోదావరి జిల్లాల్లో శిస్తును 18¾ శాతం పెంచే పునఃపరిష్కారంపై రైతుల ఆందోళన సాగింది. మద్రాసు ప్రెసిడెన్సీ గ్రామీణ ఋణభారాన్ని 1930లో బ్యాంకింగ్ విచారణ సంఘం 150 కోట్ల రూపాయలుగా అంచనా వేయగా, 1935లో డబ్ల్యు. ఆర్. ఎస్. సత్యనాథన్ నివేదిక 204 కోట్లుగా లెక్కకట్టింది.

గుంటూరు జిల్లా నిడుబ్రోలుకు చెందిన ఎన్. జి. రంగా నాయకత్వంలో రైతుసంఘాలు ఋణవిమోచనను ప్రధాన కోర్కెగా ముందుకుతెచ్చాయి. 1936లో లక్నోలో ఏర్పడిన అఖిల భారత కిసాన్ సభకు రంగా ప్రధాన కార్యదర్శి. డెల్టా గ్రామాల ఆర్థిక నిర్మాణంపై అంతకుముందే గ్రంథాలు వెలువరించిన ఆర్థికశాస్త్ర అధ్యాపకుడు కావడం వల్ల ఆయన వాదానికి క్షేత్రజ్ఞానం తోడైంది.

ప్రభుత్వం మొదట ఎంచుకున్న మార్గం సంప్రదింపులే. 1875 నాటి దక్కను అల్లర్ల తర్వాత 1879లో వచ్చిన దక్కను వ్యవసాయదారుల చట్టం మధ్యస్థుల నియామకానికి వీలుకల్పించింది. 1933లో మధ్యపరగణాలు ప్రత్యేకంగా ఋణ మధ్యస్థ మండలులను ఏర్పరచాయి. పంజాబు, బెంగాలు అదే బాట పట్టాయి. మద్రాసు ఋణ మధ్యస్థ చట్టం 1936లో వచ్చింది. ఈ కోవ చట్టాల పద్ధతి దాదాపు ఒకటే. ఋణగ్రస్తుడు గాని ఋణదాత గాని మండలికి దరఖాస్తు చేస్తే, ఋణదాతలందరూ తమ బాకీల వివరాలు దాఖలు చేయాలి. మండలి ఇరువర్గాలనూ కూర్చోబెడుతుంది. నిర్ణీత నిష్పత్తి మేరకు ఋణదాతలు ఒప్పుకుంటే ఒడంబడిక రాసి రిజిస్టరు చేస్తారు.

దివాలా ముద్ర లేకుండా, ఆస్తి చేజారకముందే, అందరి లెక్కలూ ఒకే బల్లమీదికి తెచ్చిన తొలి ఏర్పాటు ఇదే. 1920 చట్టం చేయనిది ఇది చేసింది. అయినా మద్రాసులో దాని ప్రభావం స్వల్పం. మండలులు కొద్దిచోట్లే ఏర్పడ్డాయి. అంతకన్నా ముఖ్యం, ఒప్పుకోవడమా మానడమా అన్నది చివరకు ఋణదాత ఇష్టానికే వదిలిపెట్టడం. చెల్లింపు దారి కూడా బలహీనమే. 1929లో స్థాపితమైన కేంద్ర భూమి తనఖా బ్యాంకు, దాని కింది ప్రాథమిక బ్యాంకులు పాత బాకీలు తీర్చడానికి దీర్ఘకాలిక ఋణాలిచ్చేవి. రాజీలో తేలిన మొత్తాన్ని బ్యాంకు ఒకేసారి చెల్లించి, రైతు వద్ద ఏళ్లతరబడి వాయిదాల్లో వసూలు చేసుకోవడం సరైన జోడింపు. కాని తనఖా పెట్టే భూమి గలవారికే అది అందుబాటులో ఉండేది. కౌలుదారు, కూలి, నేతగాడు దానికి వెలుపలే నిలిచారు.

6. 1938 చట్టం: లెక్కను శాసించిన రాజ్యం

1937 జులైలో ఏర్పడిన రాజగోపాలాచారి మంత్రివర్గం వేరే దారి తొక్కింది. 1938 మార్చి 22న అమలులోకి వచ్చిన మద్రాసు వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టం ఎవరినీ ఒప్పించే పని పెట్టుకోలేదు. లెక్కను తానే శాసించింది.

1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పుల విషయంలో 1937 అక్టోబరు 1 నాటికి బాకీపడిన వడ్డీ అంతా రద్దయింది. అసలుకు రెట్టింపు మొత్తం అప్పటికే చెల్లి ఉంటే అప్పు పూర్తిగా తీరినట్లే. ఉదాహరణకు 1,000 రూపాయల అప్పుపై 1,200 చెల్లించినవాడు, రెట్టింపుకు తక్కువైన 800 కడితే చాలు. ఆ తేదీ తర్వాతి అప్పులకు 5 శాతం సాధారణ వడ్డీతో లెక్క తిరగకట్టాలి. అంటే నూటికి నెలకు ఏడు అణాలకన్నా తక్కువ. ఎన్నిసార్లు తిరగరాసినా మొదట చేతికిచ్చిన సొమ్మే అసలు అన్న వివరణ అన్నింటికన్నా పదునైనది. మూడేళ్లకొకసారి నోటు తిరగరాయడంలో పెరిగిపోయిన అసలు, ఆ ఒక్క వాక్యంతో మొదటి రూపానికి వచ్చింది. మద్రాసు న్యాయస్థానాలు పక్కనపెట్టిన ద్విగుణ నియమం శాసనసభ ద్వారా తిరిగి ప్రాణం పోసుకున్నది.

దీని వల్ల సంప్రదింపులు అంతరించలేదు, వాటి బలాబలాలు మారాయి. కోర్టుకు వెళితే ఎంత వస్తుందో ఋణదాతకు ముందే తెలుసు కనుక, బయట పరిష్కారానికి ఒప్పుకోవడంలో అతనికీ ప్రయోజనం ఏర్పడింది. చట్టం ఇచ్చిన ఈ బలంవల్లే ఋణగ్రస్తుని మాటకు విలువ వచ్చింది. 

రెండు పరిమితులు మాత్రం మిగిలాయి. మొదటిది, పాత లెక్క సరిచేసిన చట్టం కొత్త అప్పుకు మూలం చూపలేదు. 1951–52 నాటి అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే ప్రకారం దేశంలో రైతు అప్పులో సహకార సంఘాల వాటా 3.1 శాతం, వాణిజ్య బ్యాంకులది 0.9 శాతం. మిగిలిన అవసరానికి రైతు తిరిగి అదే షావుకారు గడప ఎక్కాడు. రెండవది, 'వ్యవసాయదారుడు' అన్న నిర్వచనం. వ్యవసాయ భూమిలో విక్రయించదగిన హక్కో కౌలుదారీ హక్కో ఉన్నవానికే చట్టం వర్తించింది. ఈ గీతకు అవతల మంగళగిరి మగ్గాలున్నాయి.

7. మగ్గం మీది బాకీ

మంగళగిరి నేతకు నిజాం అంచు, ముతకదనం లేని గట్టి నేత గుర్తింపు తెచ్చాయి. 2013లో మంగళగిరి చీరలకు, వస్త్రాలకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పేరు వెనుకనున్న ఋణ సంబంధం డెల్టా రైతు సంబంధానికి భిన్నమైనది. మాస్టర్ వీవర్ నూలు ఇస్తాడు, బట్ట తీసుకుంటాడు, మజూరీ చెల్లిస్తాడు, అవసరానికి అడ్వాన్సు ఇస్తాడు. పని ఇచ్చేవాడు, అప్పు ఇచ్చేవాడు, లెక్క రాసేవాడు ఒక్కడే. అడ్వాన్సు తీరితే తప్ప నేతగాడు మరొకరి వద్దకు మారలేడు. కొత్త యజమాని పాత బాకీ కట్టి తీసుకుంటే బాకీ తీరదు, చేతులు మారుతుంది.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చేతివృత్తులవారి పనిముట్లను జప్తునుంచి మినహాయించింది. ఆ ప్రకారం మగ్గాన్ని కోర్టు అమీను ఎత్తుకుపోలేడు. కాని నూలు ఆగిపోతే ఉన్న మగ్గం వల్ల ఉపయోగం లేదు. రైతుకు ఋణదాతతో తెగతెంపులు చేసుకున్నా పొలం మిగులుతుంది, నేతగాడికి ఆ తెగతెంపులే ఉపాధి నష్టం. అందువల్ల వ్యక్తులుగా వారు బేరమాడే స్థితి ఏనాడూ లేదు. 1930లో చేనేత ఆర్థికతపై రంగా వెలువరించిన గ్రంథమూ, ఆ తర్వాత ప్రగడ కోటయ్య వంటివారు నడిపిన సహకారోద్యమమూ ఈ మూలాన్నే తాకాయి. నూలు సరఫరాను సంఘం చేతిలోకి తీసుకుంటే బాకీకున్న పట్టు సడలుతుందన్నది వాటి ఆలోచన. నేతగాడి విషయంలో ఋణ పరిష్కారమంటే ముందుగా ముడిసరకు పరిష్కారమే. 

చట్టం చేతివృత్తులవారిని రైతుతోపాటు గుర్తించడానికి దాదాపు నాలుగు దశాబ్దాలు పట్టింది. 1975 జులై నాటి ఇరవై సూత్రాల కార్యక్రమం భూమిలేని కూలీలు, చిన్నరైతులు, చేతివృత్తులవారి అప్పుల వసూలుపై మారటోరియం కోరింది. దానిని అనుసరించి 1977లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ ఋణగ్రస్తత నివారణ చట్టం చిన్నరైతు, కూలీలతోపాటు గ్రామీణ చేతివృత్తులవారి ప్రైవేటు అప్పులను రద్దుచేసింది. రద్దు అన్నది సంప్రదింపులకు తావివ్వని పరిష్కారం. నూలు ఇచ్చేవాడే అప్పిచ్చినవాడైనచోట, రద్దును కోరుకోవడానికే నేతగాడు జంకే పరిస్థితి ఉంటుంది.

8. మారిన ఋణదాత, మిగిలిన ప్రశ్న

1989 ఏప్రిల్ 1 నుంచి చెక్కు చెల్లకపోవడం నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద నేరమైంది. ప్రోనోటుతోపాటు సంతకం చేసిన ఖాళీ చెక్కు తీసుకునే అలవాటు అప్పును సివిల్ తగాదానుంచి క్రిమినల్ కేసుగా మార్చింది. 1980లో జాలీ జార్జి వర్గీస్ కేసులో, చెల్లించే స్తోమత లేనివానిని కేవలం బాకీ కోసం జైలుకు పంపరాదని సుప్రీంకోర్టు చెప్పింది. ఒక తలుపు గుండా పోయిన చెర భయం మరో తలుపు గుండా తిరిగివచ్చింది. లోక్ అదాలత్‌లలో ఈ కేసులు రాజీకి వస్తాయి. అక్కడి అవార్డుకు డిక్రీ విలువ ఉన్నది. కాని ప్రతి కేసులోనూ ఋణదాత ఒక్కడే. ఒకరితో కుదిరిన రాజీకి కట్టే సొమ్ము మరొకరి వద్ద కొత్త అప్పవుతుంది. ఋణదాతలందరినీ కలిపి కూర్చోబెట్టే పాత మండలి లక్షణం దీనికి లేదు.

2006 మార్చిలో కృష్ణాజిల్లా యంత్రాంగం సూక్ష్మఋణ సంస్థల శాఖలను సుమారు 50 వరకు మూయించింది. తర్వాతి చర్చల్లో ఆ సంస్థలు ప్రవర్తనా నియమావళికి అంగీకరించాయి. నాలుగేళ్లకు సమస్య రాష్ట్రమంతటా తిరగబెట్టి 2010 అక్టోబరులో ఆర్డినెన్సుకూ అనంతరం చట్టానికీ దారితీసింది. వడ్డీ అసలును మించరాదన్న నిబంధన అందులోనూ ఉన్నది. ద్విగుణ నియమం మూడవసారి తెలుగునేలపై కనిపించిందన్నమాట. వసూలు ఆగింది గాని, ఒక కుటుంబం పలు సంస్థలకు పడిన బాకీలను కలిపి తేల్చే ఏర్పాటు రాలేదు.

అన్నింటిలోకి ఆలోచింపజేసేది 2004 జూన్ 1 నాటి 421వ ప్రభుత్వ ఉత్తర్వు. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్ష రూపాయల సహాయంతోపాటు, ఋణదాతలతో ఏకకాల పరిష్కారానికి 50,000 రూపాయలు అది కేటాయించింది. డివిజను స్థాయిలో రెవెన్యూ, పోలీసు, వ్యవసాయశాఖల అధికారులతో కూడిన త్రిసభ్య సంఘం విచారణ చేస్తుంది. ఈ ఉత్తర్వును ఉపోద్ఘాతంలోని మూడు ప్రశ్నలతో కొలిస్తే విచిత్రమైన సంగతి తెలుస్తుంది. అప్పుల లెక్క అధికారుల ముందుకు వస్తుంది, ఋణదాతలను పిలిచి పరిష్కరించే వీలున్నది, చెల్లింపుకు సొమ్మూ ఉన్నది. మూడు షరతులూ ఒకేచోట సమకూరాయి, అప్పు చేసిన మనిషి మరణించిన తర్వాత. బతికున్నవానికి అదే ఏర్పాటు ఎందుకు సాధ్యం కాదన్న ప్రశ్నకు కేరళ 2006లోనూ, తెలంగాణ 2016లోనూ ఋణవిమోచన కమిషన్ చట్టాలతో జవాబు వెదికాయి.

2016 నాటి ఇన్‌సాల్వెన్సీ అండ్ బ్యాంక్‌రప్టసీ కోడ్ మూడవ భాగం వ్యక్తుల విషయంలో దివాలా ఉత్తర్వుకు ముందే తిరిగిచెల్లింపు ప్రణాళికకు చోటిచ్చింది. విలువలో నాలుగింట మూడు వంతుల ఋణదాతలు ఒప్పుకుంటే అది చెల్లుతుంది. 1920 చట్టంలోని క్రమం సరిగ్గా తిరగబడింది. అయితే 2019 డిసెంబరు 1 నుంచి ఈ భాగం కంపెనీల అప్పులకు హామీపడిన వ్యక్తులకే అమలవుతున్నది. సామాన్యునికి నేటికీ 1920 నాటి ఐ.పి.యే గతి. రేపు కోడ్ పూర్తిగా అమలైనా, వ్యక్తుల విషయంలో అధికారం ఋణ వసూలు ట్రిబ్యునల్‌ది. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి అది విశాఖపట్నంలో ఉన్నది. గుంటూరు కోర్టుకు బస్సులో వెళ్లివచ్చే మంగళగిరి నేతగాడికి ఆ దూరమే ఒక అనర్హత కాగలదు.

9. ముగింపు

పై పరిశీలన ఆధారంగా కొన్ని నిర్ధారణలకు రావచ్చు.

కృష్ణా డెల్టాలో ఐ.పి.కి అంటిన అపకీర్తికి ఋణగ్రస్తుల నడవడి ఒక్కటే కారణం కాదు. ముందుగా నిజం చెప్పినవానిని దివాలా చర్యకు పాల్పడినవానిగా చూసిన 1920 చట్టమూ అందులో భాగస్వామి.

1936 మండలులు అందరినీ ఒకచోట చేర్చాయి గాని ఒప్పించే శక్తి లేకపోయింది. 1938 చట్టం లెక్క సరిచేసింది గాని కొత్త పరపతి చూపలేదు. 1977 చట్టం పరిధిని విస్తరించింది గాని పనికీ అప్పుకూ ఉన్న ముడిని విప్పలేదు. సూక్ష్మఋణ చట్టం వసూలును ఆపింది గాని బాకీలను కలిపి తేల్చలేదు.

ద్విగుణ నియమం ధర్మశాస్త్రంలోనూ, 1938లోనూ, 2010లోనూ కనిపించడం గమనార్హం. వడ్డీకి హద్దు ఉంటేనే రాజీ మాటలు మొదలవుతాయన్న అనుభవం తరతరాలదని ఇది సూచిస్తుంది.

భూమిగల రైతుకు, కౌలుదారుకు, నేతగాడికి ఒకే తరహా పరిష్కారం సరిపోదు. ఋణదాతే పని ఇచ్చేవాడైనచోట, ఉపాధికి రక్షణ లేని రాజీ కాగితానికే పరిమితమవుతుంది.

గ్రామాల్లో పెద్దమనుషుల సమక్షంలో కుదిరిన రాజీ పత్రాలు, చెల్లు రాతలున్న ప్రోనోట్లు, మాస్టర్ వీవర్ల ఖాతా పుస్తకాలు ఇంకా ఎన్నో ఇళ్లలో ఉన్నాయి. ఋణ చరిత్రలో కోర్టు రికార్డు చెప్పని భాగం వాటిలో ఉన్నది. తెలుగు శాఖలు, చరిత్ర శాఖలు కలిసి వాటిని సేకరించి పరిష్కరిస్తే, కుదిరిన రాజీల చరిత్ర రాయడానికి ఆధారాలు ఏర్పడతాయి.